ఇంటి పంపకాల తగువులో మధ్యవర్తిగా కూర్చుంటున్నారా? రెండు లెక్కలూ తేల్చే పద్ధతి ఇదీ

మూడడుగుల సందు దగ్గర ఆగిపోయిన పంపకం ఒకటి చూశాను. నాలుగెకరాల పొలం, ఊళ్లో ఇల్లు, ఇంటి వెనక ఖాళీ జాగా అన్నీ కాగితం మీద సర్దుకున్నాయి. పశువుల కొట్టానికి వెళ్లే సందు ఎవరి వాటాలోకి రావాలన్న దగ్గర అన్నదమ్ములిద్దరూ లేచి నిలబడ్డారు. ఆ కొట్టంలో పశువులు లేక ఎన్నేళ్లో అయింది. పెద్దాయన కండువా దులిపి భుజాన వేసుకుంటూ అన్న మాటలో సందు ఊసే లేదు: "నాన్న మంచం పట్టిన రెండేళ్లూ ఎత్తి దించింది ఎవర్రా? దసరాకొచ్చి ఫొటో దిగి పోయేవాడివి." తమ్ముడు ఊరుకోలేదు: "బోరు వేసింది నేను పంపిన డబ్బుతోనే కదా. ఆ మాట ఒక్కసారైనా నలుగురిలో చెప్పావా?"

పెద్దమనుషులు "పాత సంగతులు తవ్వకండయ్యా, సందు సంగతి తేల్చండి" అని సర్దిచెప్పారు. పని చెడింది అక్కడే. ప్రతి ఇంటి పంపకంలోనూ రెండు లెక్కలుంటాయి. ఒకటి సెంట్లు, గజాలు, రూపాయల లెక్క. రెండోది ఎవరు ఎవరికి ఏం చేశారు, దాన్ని ఎవరు గుర్తించలేదు అన్న లెక్క. ఈ రెండోది నోరు విప్పి మాట్లాడుకోకపోతే మొదటిది ఏదో ఒక సందు దగ్గర, ఏదో ఒక చింతచెట్టు దగ్గర చిక్కుకుంటుంది.

బంధువుల్లో, తెలిసినవాళ్లలో ఇలాంటి తగువులు తీర్చడానికి చాలాసార్లు కూర్చున్నాను. మనస్తత్వశాస్త్రంలో తేలిన కొన్ని సంగతులు ఈ పనికి ఎంత పనికొస్తాయో కూర్చున్నాకే తెలిసింది. కళ్ల ముందు ఒక ఇల్లు ఉంచుకుని చెబుతాను: ఊళ్లో వ్యవసాయం చేసుకుంటున్న అన్న, హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు, పెళ్లయి వెళ్లిన చెల్లెలు, పెద్ద వయసు తల్లి. తండ్రి పోయారు, వీలునామా లేదు.

1. మీరు కూర్చోవచ్చా లేదా, ముందు అది

ఆ పొలం కొనాలన్న ఆలోచన మీకున్నా, వాళ్లలో ఒకరికి మీరు బాకీ ఉన్నా, మీ పిల్లని ఆ ఇంటికిచ్చినా తప్పుకోండి. మీ మనసు ఎంత శుభ్రంగా ఉన్నా, తీర్పు నచ్చనివాళ్లకి అదే మొదట గుర్తొస్తుంది. ఒక్కరే కూర్చోవడం కంటే ఇద్దరు మేలు. ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ అయితే మరీ మేలు. తల్లి, చెల్లెలు, కోడళ్లు మగవాళ్ల పంచాయితీలో నోరు విప్పరు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వింటారంతే. వాళ్లు చెప్పని మాటే తర్వాత ఒప్పందాన్ని చెడగొడుతుంది.

కొన్ని తగువులకి అసలు కూర్చోకూడదు. దెబ్బలు తగిలిన ఇల్లు, చంపుతామన్న బెదిరింపు, దొంగ సంతకంతో రాయించుకున్న దస్తావేజు, తిండి పెట్టకుండా తల్లి వేలిముద్ర కోసం కాచుకున్న కొడుకు: ఇలాంటివి పోలీసులకి, కోర్టుకి చెందినవి. అక్కడ రాజీ అంటే బలహీనుల మెడ వంచడమే. "వద్దు" అని చెప్పగల స్థితి అందరికీ ఉందా అని మిమ్మల్ని మీరే అడగండి. ఒక్కరికి లేకపోయినా మీ పని అక్కడితో ఆపేయండి.

2. కాగితాలు ముందే తెప్పించండి

పట్టాదారు పాస్‌పుస్తకాలు, దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), ఇంటి పన్ను రసీదులు, మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు అప్పుల వివరాలు. సర్వేయరుతో ఒకసారి కొలిపించండి. కాగితం మీద నాలుగెకరాలున్నది కొలిస్తే మూడెకరాల ఎనభై సెంట్లు తేలడం మామూలే. వాటాలు పంచాక అది బయటపడితే మోసం అనిపిస్తుంది. ముందే తెలిస్తే అందరూ కలిసి పంచుకునే నష్టం అవుతుంది.

చట్టం ఏం చెబుతుందో కూడా ముందే తెలుసుకోండి. హిందూ కుటుంబంలో వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి సమాన వాటాలు. ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకీ అంతే. పిత్రార్జితంలో ఆడపిల్లలకి హక్కు మన దగ్గర దేశం కంటే ముందే వచ్చింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకి కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకీ వర్తించింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికే ఉండాలన్న నియమం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన లేక కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలను మాత్రం ఈ సవరణ కదిలించదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకి వేరే చట్టాలున్నాయి. వాళ్ల విషయంలో ఆ చట్టం తెలిసిన వకీలుని అడగండి.

"దానికి కట్నం ఇచ్చాం కదా, ఇంకేం వాటా?" అన్న మాట తప్పకుండా వస్తుంది. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 చట్టం ప్రకారం నేరం. అది వాటాను చెరపదు. ఈ ముక్క నలుగురిలో అన్న ముఖం మీద అనకండి. విడిగా కూర్చున్నప్పుడు నెమ్మదిగా చెప్పండి. నలుగురిలో తల దించుకోవాల్సి వచ్చినవాడు ఆ కోపాన్ని మరో చోట తీర్చుకుంటాడు.

3. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటం

పనంతా ఇక్కడే ఉంది. ఒక్కొక్కరికి కనీసం గంటన్నర కేటాయించండి. తన మాట ఎవరూ వినరు అనుకుంటున్న మనిషితో మొదలుపెట్టండి. సాధారణంగా ఆ మనిషి చెల్లెలో, పెద్దకోడలో అయి ఉంటుంది.

పెద్దకోడలి సంగతి కొంచెం విడిగా చెప్పాలి. "ఆడవాళ్లు కలవనివ్వరు, కోడళ్లు వచ్చాకే ఇల్లు చీలింది" అన్న మాట మన ఊళ్లలో ఎంత తేలిగ్గా వినిపిస్తుందో. అది అన్యాయమైన మాట. మామగారి పక్కబట్టలు మార్చింది ఆవిడ. రాత్రి రెండింటికి అత్తగారికి మందు వేసింది ఆవిడ. ఆస్తిలో ఆవిడ పేరు లేదు, పంచాయితీలో ఆవిడకి కుర్చీ లేదు. ఆ ఇంట్లో ఎక్కడా రాయని జమ ఏదైనా ఉందంటే అది ఆవిడదే. అన్న గొంతులో వినిపించే కోపంలో సగం ఆవిడ అలసట అని నాకు చాలా ఇళ్లలో అనిపించింది. ఆవిడతో తప్పకుండా మాట్లాడండి.

ఏం అడగాలి? "నీకేం కావాలి?" అని అడిగితే "రోడ్డు పక్క ఎకరం" అంటారు. ఆ ఎకరం ఎందుకో అడగండి. మేరీ పార్కర్ ఫోలెట్ అనే అమెరికన్ ఆలోచనాపరురాలు 1920ల్లోనే దీనికి తన అనుభవంలోని చిన్న ఉదాహరణ ఇచ్చారు. గ్రంథాలయంలో ఒక చిన్న గదిలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఆవిడ మూయాలన్నారు. చివరికి ఎవరూ లేని పక్కగది కిటికీ తెరిచారు. ఆయనకి కావలసింది గాలి. ఆవిడకి కావలసింది ఉత్తరపు చలిగాలి నేరుగా ఒంటికి తగలకుండా ఉండటం. కిటికీ దగ్గరే మాట ఆగి ఉంటే ఒకరు గెలిచి ఒకరు ఓడేవారు.

మన ఇంట్లో చూడండి. అన్నకి రోడ్డు పక్క ఎకరం కావాలి, ఎందుకంటే బోరు అక్కడుంది. తమ్ముడికీ అదే కావాలి, ఎందుకంటే రేపు ఎప్పుడైనా ఊళ్లో ఇల్లు కట్టుకుంటే దారి ఉండాలి. చెల్లెలికి పొలం మీద మనసే లేదు. పుట్టింటికి వస్తే "ఎవరింటికొచ్చావు?" అని ఎవరూ అడగకుండా ఉండాలి. బోరు నీటి హక్కు, ఇంటిస్థలానికి చాలినన్ని సెంట్లు, పుట్టింట్లో ఒక గది: మూడు వేరువేరు అవసరాలు ఒకే ఎకరం మీద కొట్టుకుంటున్నాయి.

నేను అడిగే ప్రశ్నలు ఇవి:

- ఈ ఆస్తిలో ఏది చేయి జారితే మీకు నిద్ర పట్టదు? ఎందుకు?
- మీరు చేసినదాంట్లో ఇప్పటిదాకా ఎవరూ గుర్తించనిది ఏంటి?
- వాళ్లు చేసినదాంట్లో మీరు ఒప్పుకునేది ఏదైనా ఒక్కటి చెప్పండి.
- పదేళ్ల తర్వాత మీ పిల్లలు సంక్రాంతికి ఊరొస్తే ఎవరింట్లో దిగాలి?

రెండో ప్రశ్నకి జవాబులన్నీ కలిపితే ఇంట్లో జరిగిన పని కంటే ఎక్కువే వస్తుంది. కెనడాలో మైకేల్ రాస్, ఫియోరె సికోలీ 1979లో ప్రచురించిన పరిశోధనలో భార్యాభర్తల్ని విడివిడిగా, ఇంటి పనుల్లో మీ వంతు ఎంత అని అడిగారు. ఇద్దరి జవాబులూ కలిపితే చాలా పనుల్లో నూరు శాతం దాటింది. అబద్ధం చెప్పినందువల్ల కాదిది. తాను చేసిన పని మనిషికి అడుగడుగునా గుర్తుంటుంది, ఎదుటివాళ్లు చేసినది కనబడిన మేరకే తెలుస్తుంది. అన్న ఆసుపత్రి వరండాలో పడుకున్న రాత్రులు తమ్ముడు చూడలేదు. తమ్ముడు డబ్బు పంపడానికి తీసుకున్న అప్పు అన్న చూడలేదు. ఈ సంగతి ఇద్దరికీ విడిగా చెప్పి చూడండి. "వాడు అబద్ధాలాడుతున్నాడు" అన్న మాట "వాడికి తెలియదు"గా మారడం మీ కళ్లతో చూస్తారు.

ఇంకో పొరపాటు ఉంది. మనం ఆలస్యంగా వస్తే బస్సు దొరకలేదంటాం, ఎదుటివాడు ఆలస్యంగా వస్తే లెక్కలేనితనం అంటాం. ఎదుటివాళ్ల పనికి పరిస్థితిని వదిలేసి స్వభావాన్ని కారణంగా చూసే ఈ అలవాటుని మనస్తత్వవేత్త లీ రాస్ 1977లో మౌలికమైన పొరపాటు అన్నాడు. "వీసా ముద్ర పడక తమ్ముడు తండ్రి కర్మకి రాలేకపోయాడు" అన్నది వాస్తవమైతే, అన్న నోట అది "వాడికి డబ్బు పొగరు" అయి ఉంటుంది. ఇలాంటి ఒక్కొక్క సంఘటననీ పట్టుకుని, ఆ రోజు నిజంగా ఏం జరిగిందో రెండు వైపులా అడగండి.

విడిగా చెప్పిన మాటల్ని మోయకండి. లేచే ముందు "ఇందులో ఏది వాళ్లతో చెప్పొచ్చు, ఏది నా దగ్గరే ఉండాలి?" అని అడిగి, అన్నమాట నిలబెట్టుకోండి. ఒక్క మాట జారినా ఆ ఇంట్లో మీ పని అయిపోయినట్టే.

4. తన వాదంలోని లొసుగు తానే రాసుకోవాలి

మొదటి విడత అయ్యాక ప్రతి ఒక్కరికీ ఒక తెల్లకాగితం ఇచ్చి "మీ వాదంలో బలహీనమైన చోటు ఏది? కోర్టుకెళితే అవతలి వకీలు ఎక్కడ పట్టుకుంటాడు?" అని రాయమనండి. ఎవరికీ చూపించక్కర్లేదు.

దీనికి ఆధారం ఉంది. లిండా బాబ్‌కాక్, జార్జ్ లోవెన్‌స్టీన్ బృందం అమెరికాలో ఒక మోటారుసైకిలు ప్రమాదం కేసు కాగితాలు తీసుకుని, ఒకరిని బాధితుడి పక్షం, ఒకరిని ఎదుటి పక్షం తీసుకోమంది. ఇద్దరికీ ఇచ్చినవి అవే కాగితాలు. అయినా న్యాయమూర్తి ఎంత పరిహారం ఇస్తాడన్న అంచనాలు పక్షాన్ని బట్టి దూరంగా పోయాయి. తర్వాతి ప్రయోగంలో, బేరానికి ముందు తమ వాదంలోని బలహీనతలు రాయమన్నారు. రాజీ కుదరని జంటలు 35 శాతం నుంచి 4 శాతానికి తగ్గాయి. ఇంత చవకైన పనిముట్టు ఈ పనిలో మరొకటి లేదు.

5. అందర్నీ కూర్చోబెట్టే రోజు

ఆ రోజు చోటు వాళ్లలో ఎవరి ఇల్లూ కాకూడదు. బడి వరండానో, గుడి మండపమో, మీ ఇల్లో పరవాలేదు. తగువు జరుగుతున్న ఇంట్లో అన్న కుర్చీ అన్నకి ఉంటుంది, తమ్ముడు అతిథిలా కూర్చుంటాడు. అది కనబడకుండా మాట మీద పని చేస్తుంది. విదేశంలో ఉన్నవాళ్లని వీడియో కాల్‌లో కూర్చోబెడితే, ఫోను ఎవరి చేతిలోనూ పెట్టకుండా అందరి ముఖాలూ కనిపించేలా నిలబెట్టండి. వాళ్లకి అర్ధరాత్రి అయ్యే వేళ పెట్టకండి. భోజనాలయ్యాక కూర్చోవడం మంచిది. మందు వాసన వస్తే ఆ పూట వాయిదా.

నియమం ఒక్కటే పెట్టండి. ఎవరైనా మాట్లాడే ముందు, అంతకుముందు మాట్లాడినవారు ఏమన్నారో వాళ్లు ఒప్పుకునేలా తిరిగి చెప్పాలి. కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త 1951లో ఒక ప్రసంగంలో సూచించిన పద్ధతి ఇది. వినడానికి తేలిక, చేయడానికి కష్టం. తమ్ముడు "అన్నయ్య ఏమంటున్నాడంటే, రెండేళ్లు నాన్నని చూసుకున్నాడు, ఆ రెండేళ్లు తనకి పొలం మీద కూడా సరిగ్గా..." అని ఆగి, గొంతు తడబడి, "సరిగ్గా చేసుకోవడం కుదరలేదు" అని పూర్తిచేస్తాడు. అన్న "అదీ, అంతే" అంటాడు. అంగీకారం ఇంకా రాలేదు. అయినా తన మాట అవతలి చెవిలో పడిందని అన్నకి మొదటిసారి తెలిసింది.

చెల్లెల్ని చివర మాట్లాడించకండి. చివరకి వచ్చేసరికి అందరూ అలసిపోయి "నువ్వేమంటావమ్మా, అన్నయ్యలు చెప్పినట్టే కదా?" అంటారు. ముందు ఆమెనే మాట్లాడించండి. తల్లి మాట్లాడలేకపోతే పక్కన మీ ఇద్దరిలో ఉన్న స్త్రీ కూర్చుని, ఆమె మాటని ఆమె మాటల్లోనే చెప్పాలి.

మీరెంత జాగ్రత్తపడినా గొంతులు లేస్తాయి. దంపతుల గొడవల్ని ఏళ్ల తరబడి పరిశీలించిన జాన్ గాట్‌మన్, గుండె నిమిషానికి నూరు సార్లకు మించి కొట్టుకునే స్థితిలో మనిషి ఎదుటి మాట వినలేడంటారు. కనీసం ఇరవై నిమిషాలు ఆగమంటారు. కాబట్టి "శాంతించు" అని ఎవరికీ చెప్పకండి, ఆ మాటకి ఎవరూ శాంతించరు. "టీ తాగొద్దాం" అని లేచిపోండి. ఆ ఇరవై నిమిషాల్లో అన్నదమ్ముల్ని ఒకే చోట వదలకండి. తగువు మాట ఎత్తకుండా ఒకరిని ఒక పక్కకి, ఒకరిని మరో పక్కకి నడిపించండి. కోపాన్ని కెలికే చుట్టం ఎవరైనా వచ్చి చెవిలో ఊదితే ఆ విరామం వృథా.

6. రెండో లెక్క

ఇప్పుడు పాత సంగతులు తవ్వాలి, ఒక క్రమంలో. గోడకి పెద్ద కాగితం అంటించి రెండు గళ్లు గీయండి. ఒకటి డబ్బుగా కట్టగలిగేవి, రెండోది డబ్బుగా కట్టలేనివి.

మొదటి గడిలో ఆసుపత్రి బిల్లులు, బోరు ఖర్చు, చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు, ఇన్నేళ్లూ పొలం మీద వచ్చిన కౌలు లేక పంట డబ్బు వస్తాయి. రెండు వైపులా రాయాలి. అన్న ఆసుపత్రికి పెట్టిన ఆరు లక్షలు రాస్తే, ఉమ్మడి పొలం ఆదాయం ఆయన దగ్గరే ఉన్న ఏళ్లు కూడా పక్కన రాయాలి. రసీదు లేనివి అందరూ ఒప్పుకుంటే రాయండి, లేకుంటే వదిలేయండి. రూపాయి రూపాయికి కోర్టు లెక్కలా వెళ్లకండి. వేల దగ్గర సర్దుకుంటే చాలు.

రెండో గడి కష్టమైనది. నిద్రలేని రాత్రులు, మానేసిన చదువు, తమ్ముడి ఫీజు కోసం ఆగిపోయిన అన్న డిగ్రీ, నలుగురిలో పడ్డ మాట. వీటికి ఎవరైనా ధర కట్టబోతే ఆపండి. "నాన్నని చూసుకున్నందుకు నెలకింత" అనగానే అన్న పనిమనిషి అయిపోతాడు. అది అవమానం. ఈ గడిలో ప్రతి వరుసకీ కావలసింది ఎదుటివాళ్ల నోట ఒక వాక్యం. "నువ్వు డిగ్రీ మానేస్తేనే నేను ఇంజినీరింగ్ చదివాను అన్నయ్యా. నీకీ మాట ఎప్పుడూ చెప్పలేదు."

క్షమాపణ చెప్పాల్సిన చోట ఎలా చెప్పాలో కూడా ముందు విడిగా కూర్చుని మాట్లాడండి. రాయ్ లెవికీ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో క్షమాపణలోని ఆరు భాగాల్ని పోల్చి చూసింది. అన్నిటికంటే బలంగా పనిచేసింది "తప్పు నాదే" అని ఒప్పుకోవడం. దాని తర్వాత, ఎలా సరిదిద్దుతానో చెప్పడం. "క్షమించు" అని అడగడం అన్నిటికంటే తక్కువగా పనిచేసింది. మన పంచాయితీల్లో కాళ్లు పట్టించి క్షమాపణ చెప్పిస్తారు. వద్దు. "ఆ రోజు పెళ్లిలో నేనన్న మాట తప్పు. మళ్లీ ఎవరి ముందూ అనను" అన్న రెండు వాక్యాలు, నిలబడి, కళ్లలోకి చూసి చెబితే చాలు. బలవంతంగా చెప్పించిన క్షమాపణ కంటే చెప్పకపోవడమే నయం.

ఈ గడి నిండేసరికి ఆ రోజు అయిపోతుంది. పంపకం ఆ రోజే మొదలుపెట్టకండి. ఒక రాత్రి గడవనివ్వండి.

7. వాటాల కంటే ముందు పద్ధతి

జాన్ తిబో, లారెన్స్ వాకర్ 1970ల్లో తగువుల తీర్పుల మీద చేసిన పరిశోధన దగ్గర్నుంచి ఒక సంగతి పదేపదే తేలింది: తన మాట చెప్పుకునే అవకాశం దక్కి, పద్ధతి న్యాయంగా ఉందనిపిస్తే, తనకి అంత అనుకూలం కాని ఫలితాన్ని కూడా మనిషి ఒప్పుకుంటాడు. కాబట్టి ఎవరికి ఏది వస్తుందో తెలియక ముందే, ఎలా పంచాలో అందరి చేతా ఒప్పించి సంతకాలు పెట్టించండి. తల్లి వాటా, ఆమె ఉండే చోటు ముందు విడిగా తీసేయండి. అది ఎవరి బేరంలోనూ ఉండకూడదు.

పొలానికి పాత పద్ధతే గొప్పది. ఒకరు వాటాలు వేస్తారు, వేసినవారు చివర కోరుకుంటారు. మిగిలినవాళ్ల వరస చీటీ తీసి తేల్చండి. తనకి చివరికి ఏది మిగులుతుందో తెలియనివాడు ఏ వాటానీ చిన్నది చేయడు. నీళ్లు, దారి, నేల రంగు అన్నీ తెలిసిన అన్న చేత వాటాలు వేయించడం మంచిది. ఆయన అనుభవం అందరికీ పనికొస్తుంది, చివర కోరుకోవడం వల్ల అనుమానమూ ఉండదు.

ఇల్లు ముక్కలు కాదు. దానికి మూసిన కవర్ల పద్ధతి వాడండి. ముగ్గురూ ఆ ఇల్లు తమకి ఎంత విలువైందో విడిగా రాసి కవర్లో పెడతారు. అన్న 60 లక్షలు, తమ్ముడు 48, చెల్లెలు 45 రాశారనుకుందాం. ఎక్కువ రాసిన అన్నకి ఇల్లు. ఎవరి అంచనా ప్రకారం వాళ్ల మూడో వంతు 20, 16, 15 లక్షలు. అన్నకి తన వంతుకి మించి 40 లక్షల విలువ వచ్చింది కనుక అది ఉమ్మడి ఖాతాలో బాకీ. అందులోంచి తమ్ముడికి 16, చెల్లెలికి 15 పోతే 9 లక్షలు మిగులుతాయి. ఆ తొమ్మిదీ ముగ్గురికీ మూడేసి. లెక్క తేలేసరికి తమ్ముడికి 19, చెల్లెలికి 18, అన్న కట్టేది 37 లక్షలు. ప్రతి ఒక్కరికీ తాను న్యాయమనుకున్న మూడో వంతు కంటే మూడు లక్షలు ఎక్కువే దక్కింది. పోలండ్ గణిత శాస్త్రజ్ఞుడు క్నాస్టర్ చెప్పిన పద్ధతి ఇది. ఒక జాగ్రత్త: చేతిలో డబ్బు లేని అన్న మనసులో 60 ఉన్నా భయపడి 40 రాస్తాడు. అందుకే కవర్లు రాయడానికి ముందే, గెలిచినవారు మూడేళ్ల వాయిదాల్లో కట్టవచ్చని గానీ, పొలంలో సరిచేయవచ్చని గానీ తేల్చి చెప్పండి.

ఇంకో సంగతి దృష్టిలో పెట్టుకోండి. చేతిలో ఉన్నది వదులుకోవాలంటే దాని ధర మనసులో పెరిగిపోతుంది. కానమన్, నెచ్, థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగంలో మామూలు కాఫీ కప్పులు కొందరికి ఊరికే ఇచ్చి, ఎంతకి అమ్ముతారని అడిగారు. కొనేవాళ్లు ఇస్తామన్నదానికి రెట్టింపు పైగా అడిగారు. నిమిషాల క్రితం చేతికొచ్చిన కప్పుకే అంత ఉంటే, ఇరవై ఏళ్లు దున్నిన చెక్క సంగతి చెప్పాలా? అన్నతో "ఈ ఎకరం వదిలెయ్" అనకండి. అన్నీ ఒకసారి కుప్పగా పోసి, "ఇప్పటికి ఏదీ ఎవరిదీ కాదు. ఇందులోంచి మీకు రావలసింది తీసుకుందాం" అని మొదలుపెట్టండి.

8. ప్రతిపాదన ఎవరి నోట రావాలి

అన్న ప్రతిపాదించాడంటే అందులో అన్నకేదో లాభం ఉందని తమ్ముడు అనుకుంటాడు. 1980ల్లో లీ రాస్ బృందం దారిన పోయే అమెరికన్లకి ఒక అణ్వాయుధాల తగ్గింపు ప్రతిపాదన చూపించింది. అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్‌ది అంటే 90 శాతం మంది తమ దేశానికి మేలుగానో, రెండు వైపులా సమానంగానో ఉందన్నారు. సోవియట్ నాయకుడు గోర్బచేవ్‌ది అంటే 44 శాతమే. ప్రతిపాదనలో ఒక్క అక్షరం తేడా లేదు.

అందుకే కీలకమైన ప్రతిపాదన మీ నోట రానివ్వండి, అదీ ఒకటి కాదు, మూడు రకాలుగా. "ఇలా చేయొచ్చు, ఇలా కూడా చేయొచ్చు, ఇదీ ఉంది. మీ ముగ్గురూ విడిగా వరస పెట్టండి." ముగ్గురి వరసల్లోనూ రెండో స్థానంలో ఉన్నదే చాలాసార్లు నిలబడుతుంది.

9. చిక్కుపడితే

అన్నీ అయ్యాక కూడా ఒక చెట్టో, ఒక సందో మిగిలితే, రెండో గడిలో ఇంకా చెప్పని మాట ఏదో ఉందన్నమాట. మళ్లీ విడిగా కూర్చోండి. "ఈ సందు మీకు వచ్చేసిందనుకోండి, అప్పుడు మీకు ఏం తెలిసినట్టు అవుతుంది?" అని అడగండి. మొదట చెప్పిన ఇంట్లో ఈ ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా తట్టింది. అన్న చాలాసేపు ఊరుకుని, "నాన్న శవాన్ని తీసుకెళ్లింది ఆ సందులోంచే" అన్నాడు. సందు ఉమ్మడి దారిగా ఉండిపోయింది. ఎవరూ గోడ కట్టకూడదని రాసుకున్నారు.

అది కూడా కుదరకపోతే తేలినవాటి మేరకు కాగితం రాసి, తేలనిదాన్ని మాత్రమే కోర్టుకి వదలండి. ఒక సందు కోసం నాలుగెకరాలని కోర్టు మెట్లెక్కించనక్కర్లేదు.

10. కాగితం

తెల్లకాగితం మీద నలుగురి సంతకాలతో వదిలేయకండి. స్థిరాస్తిని పంచే పారీఖత్తు 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు కావాలి. హద్దులు, కొలతలు, సర్వే నంబర్లు, దారి, నీటి హక్కు, కరెంటు మీటరు ఎవరి పేరున, వాయిదా డబ్బు ఏ తేదీకి, ఆలస్యమైతే ఏమిటి: అన్నీ రాయండి. "పరస్పరం సర్దుకుపోవాలి" లాంటి వాక్యాలు రాయకండి, వాటి మీదే మళ్లీ తగువు వస్తుంది. విదేశంలో ఉన్నవారి పవర్ ఆఫ్ అటార్నీ సరిగ్గా ఉందో లేదో వకీలుకి చూపించండి.

కోర్టులో కేసు నడుస్తుంటే, లేక కాగితానికి కోర్టు బలం కావాలంటే, లోక్ అదాలత్‌కి వెళ్లండి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం అక్కడి తీర్పు (అవార్డు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కేసు వేయక ముందు కూడా అక్కడికి వెళ్లొచ్చు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. ఫోను నంబరు 15100.

తల్లి తన వాటాని ఎవరి పేరనైనా రాసిస్తానంటే, "నన్ను చూసుకోవాలి" అన్న షరతు దస్తావేజులో అక్షరాలా ఉండాలి. అప్పుడే 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ కింద, చూసుకోకపోతే దాన్ని రద్దు చేయించుకునే దారి గట్టిగా ఉంటుంది. కన్నకొడుకుల మీద అనుమానమా అని ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. ఆ వాక్యం మాత్రం తీసేయనివ్వకండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక హద్దురాళ్లు పాతే రోజు కూడా వెళ్లండి. అందరూ ఉండేలా చూడండి, తాడు రెండు చివరలూ అన్నదమ్ములిద్దరి చేతా పట్టించండి. ఆ పూట భోజనం పెద్దకోడలి చేతి వంట కాకుండా చూసి, ఆవిడని కూడా రాళ్ల దగ్గరికి రమ్మనండి.